కణం లోపలి ఫిజిక్స్ ఉద్దానానికి కావాలి

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మా ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా నీళ్ల మాట, మందుల మాట, డయాలసిస్ పడకల మాట, పింఛను మాట వినిపిస్తాయి. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతొచ్చిందని ఒకరినొకరు పలకరించుకునే ఊళ్లు మావి. కిడ్నీ డాక్టర్లు వచ్చారు, నీటి నిపుణులు వచ్చారు, రక్తం, మూత్రం నమూనాలు తీసుకెళ్లిన పరిశోధకులూ వచ్చారు. రావలసినవాళ్లలో ఫిజిక్స్ వాళ్లు మాత్రం ఇంకా రాలేదు. కంచిలి ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నవాడిగా ఈ మాట అంటున్నాను. జీవకణం చేసే పనిని ఫిజిక్స్ పద్ధతుల్లో కొలిచి తెలుసుకునే శాస్త్రం ఒకటుంది. దాన్ని సెల్యులార్ బయోఫిజిక్స్ అంటారు. అది ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాల్లో వేళ్లూనుకోవాలి. అందుకు పిల్లల్ని ఇంటర్ నుంచే సిద్ధం చెయ్యాలి.

ఎందుకో చెప్పాలంటే ముందు డయాలసిస్ చేయించుకునే మనిషి చెయ్యి చూడాలి. ముంజేతి దగ్గర చిన్న ఆపరేషన్ చేసి ధమనిని సిరతో కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటారు. కొన్ని వారాలకు ఆ సిర ఉబ్బి చర్మం మీదకు తేలుతుంది. దాని మీద వేళ్లు ఆనిస్తే లోపల జుమ్మని అదురు తగులుతుంది. చెవి ఆనిస్తే హోరు వినిపిస్తుంది. ఆ అదురుకు ఆసుపత్రిలో థ్రిల్ అని పేరు. రోజూ పొద్దున్నే అది ఉందో లేదో చూసుకోవాలని, లేకపోతే వెంటనే రావాలని చెప్పి పంపుతారు. మా వీధిలో ఒకప్పుడు కొబ్బరి చెట్లెక్కి దింపు తీసిన మనిషి నా వేళ్లు పట్టుకుని తన ముంజేతి మీద పెట్టించి, "ఈ సప్పుడు ఆగిపోతే మరి నాను లేనట్టే మేస్టారూ" అన్నాడు.

ఆ అదురు పుట్టించేది ఫిజిక్సే. ధమనిలో పీడనం ఎక్కువ, సిరలో తక్కువ. మామూలుగా ఈ రెంటి మధ్య వెంట్రుక కంటే సన్నని కేశనాళికలుంటాయి. వాటిని తప్పించి రక్తాన్ని నేరుగా సిరలోకి వదిలితే వేగం పెరిగి ప్రవాహం సుడులు తిరుగుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో రెనాల్డ్స్ సంఖ్య అని ఒక పాఠముంది. ద్రవం సాంద్రతను దాని వేగంతోనూ గొట్టం వ్యాసంతోనూ గుణించి, స్నిగ్ధతతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. అది 1000 లోపు ఉంటే ప్రవాహం పొరలు పొరలుగా సాఫీగా సాగుతుందని, 2000 దాటితే సుడులు లేస్తాయని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇది తిన్నని గొట్టానికి వేసిన లెక్క. వంపులు, కలయికలు ఉన్నచోట సుడులు ఇంకా ముందే మొదలవుతాయి. మా పిల్లలు దీన్ని చిన్న ప్రశ్నగా కంఠతా పట్టి పరీక్ష రాసి వస్తారు. వాళ్లలో కొందరి ఇళ్లల్లో తండ్రి ముంజేతిలోనో తాత ముంజేతిలోనో అదే పాఠం పగలూ రాత్రీ మోగుతుంటుంది. ఆ రెంటినీ కలిపి చెప్పడం మన చదువుల్లో ఎక్కడా లేదు.

అసలు కిడ్నీ చేసే పనే ఫిజిక్స్. రెండు కిడ్నీలూ కలిపి శరీరం బరువులో ఒక శాతం కూడా ఉండవు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వాటికే వెళుతుంది. అక్కడ కేశనాళికల కుచ్చుల్లో రక్తపీడనం నీటినీ లవణాలనూ వడపొర గుండా బయటికి నెడుతుంది. అలా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడకట్టుకుపోతుంది. ఒకటి రెండు లీటర్లు మూత్రంగా పోగా తక్కినదంతా సన్నని నాళికల గోడల్లోని కణాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. అందుకోసం ప్రతి కణం పొరలోనూ లెక్కలేనన్ని పంపులుంటాయి. పంపు ఒక్కసారి పనిచేస్తే మూడు సోడియం అయాన్లు కణం బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి వెళతాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కూ పీత కాళ్ల నరాల మీద ప్రయోగాలు చేసి 1957లో ఈ పంపును వెల్లడించాడు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. బారువ తీరంలో పీతలు పట్టే ఇళ్ల పిల్లలకు ఈ కథ చెబితే వాళ్ల ముఖాలు వెలగడం నేను చూశాను.

ఆ పంపు నడవడానికి కావలసిన శక్తి ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుంది. 1929లో దాన్ని గుర్తించినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే సంవత్సరం దాన్ని కనుక్కున్నాడు. అంతకు ముందే, 1925లో, ఫిస్కే, సుబ్బారావులు రక్తంలో మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో ద్రావణం రంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతి తయారుచేశారు. వాళ్లను ఏటీపీ దాకా తీసుకెళ్లింది ఆ కొలతే. కణం గురించి కొత్త సంగతి తెలిసిన ప్రతిచోటా దానికి ముందు కొత్తగా కొలవడం నేర్చినవాళ్లుంటారు.

ఇంకొక ఉదాహరణ మా జబ్బుకు మరింత దగ్గరిది. కిడ్నీ నాళికల్లో చాలా కణాల మీద ఒక్కొక్క సూక్ష్మమైన రోమం నిలబడి ఉంటుంది. దాన్ని ప్రైమరీ సిలియం అంటారు. చాలాకాలం దానికి పనేమీ లేదనుకున్నారు. 2001లో హెలె ప్రెటోరియస్, కెన్నెత్ స్ప్రింగ్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్క కిడ్నీ నుంచి పెంచిన కణాలను తీసుకుని, సన్నని గాజు గొట్టం మొనతో ఆ రోమాన్ని వంచి చూశారు. రోమం వంగగానే కణంలో కాల్షియం పెరిగింది. ద్రవాన్ని పారించి వంచినా అదే జరిగింది. తన పక్క నుంచి ద్రవం ఎంత జోరుగా పోతోందో కణానికి తెలుస్తోందన్నమాట. బలం, వంపు, ప్రవాహం అన్నీ ఫిజిక్స్ మాటలే.

ఉద్దానంలో కనిపించే జబ్బులో ముందుగా దెబ్బతినేది నాళికలూ, వాటి చుట్టూ ఉండే కణజాలమూ. అందుకే మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, చాలామందికి షుగరూ బీపీ ఉండవు, బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఎండలో ఒళ్లు వంచి చేసే పని మీద, తాగే నీటిలోని సిలికా మీద, పురుగుమందుల మీద, వంశంలో వచ్చే బలహీనత మీద అనుమానాలున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి పండించేవాళ్లకు, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా చర్చ ముగియలేదు. అనుమానం దేని మీదైనా చివరికి ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: అది నాళిక కణాన్ని ఏం చేస్తోంది? జీడితోటలో మిట్టమధ్యాహ్నం దాకా పనిచేసిన మనిషి ఒంట్లో నీరు చెమటగా పోయి మూత్రం చిక్కబడినప్పుడు ఆ కణం పొర మీద పడే ద్రవాభిసరణ పీడనం ఎంత? అందులో సిలికా రేణువులు కూడా ఉంటే ఏమవుతుంది? వారాల తరబడి రోజూ అలాగే జరిగితే కణం తట్టుకుంటుందా? డాక్టరు చేతిలో రోగి ఉంటాడు, బయోకెమిస్టు చేతిలో పరీక్ష ఉంటుంది. ఒక్క కణం మీద పడే బలాన్ని కొలిచే సాధనం తయారుచెయ్యడానికి ఫిజిక్స్ చదివినవాళ్లు కావాలి.

ఫిజిక్స్ మనిషి కణం దగ్గరికి వెళితే ఏం సాధించగలడో చూడాలంటే హోవర్డ్ బెర్గ్ జీవితం చూడాలి. అమెరికాలోని అయోవాలో 1934లో పుట్టాడు. కాల్‌టెక్‌లో కెమిస్ట్రీ చదివాడు. డాక్టరు కావాలని హార్వర్డ్ మెడికల్ స్కూల్లో చేరి, ఆ చదువు మధ్యలో వదిలేసి ఫిజిక్స్‌కు వచ్చాడు. నార్మన్ రామ్సే దగ్గర హైడ్రోజన్ మేజర్ అనే పరమాణు గడియారం మీద పనిచేసి 1964లో పీహెచ్‌డీ పొందాడు. ఆ దారిలోనే ఉండి ఉంటే పరమాణు గడియారాల శాస్త్రవేత్తగా స్థిరపడేవాడు. ఆయన మాత్రం మన పేగుల్లో ఉండే ఈ-కోలై బాక్టీరియా ఎలా ఈదుతుందో చూడాలనుకున్నాడు. మైక్రోస్కోపు కింద అది కంటికి చిక్కకుండా పారిపోతుంది. అందుకని, బాక్టీరియా ఎటు కదిలితే దాన్ని ఉంచిన పాత్రను దానికి ఎదురుగా జరిపి, దాన్ని ఎప్పుడూ కంటి ముందే నిలిపే మైక్రోస్కోపును తయారుచేశాడు. 1972లో డగ్లస్ బ్రౌన్‌తో కలిసి ఫలితం ప్రకటించాడు. బాక్టీరియా సుమారు ఒక సెకను తిన్నగా ఈదుతుంది, సెకనులో పదో వంతు సేపు పల్టీ కొడుతుంది, మళ్లీ ఇంకో దిక్కుకు ఈదుతుంది. ఆహారం ఉన్నవైపు వెళుతుంటే పల్టీలు ఆలస్యమవుతాయి. దాని దారి వెతుకులాట అంతా అందులోనే ఉంది.

మరుసటి ఏడాది, 1973లో, రాబర్ట్ ఆండర్సన్‌తో కలిసి ఇంకో పెద్ద మాట చెప్పాడు. బాక్టీరియా తోకను పాములా ఆడించదు, మొదట్లో ఉన్న మోటారుతో గిర్రున తిప్పుతుంది అని. 1974లో శాన్ డియేగోలో సిల్వర్‌మన్, సైమన్‌లు తోకను గాజుకు అతికిస్తే బాక్టీరియా ఒళ్లే గుండ్రంగా తిరగడం చూపించి ఆ మాటను నిలబెట్టారు. సెకనుకు వంద చుట్లకు పైగా తిరగగల మోటారు ఒక సూక్ష్మజీవి పొరలో ఉందని లోకానికి తెలిసింది. ఆ తర్వాత బెర్గ్ కాల్‌టెక్‌లో పనిచేసి, 1986 నుంచి హార్వర్డ్‌లో జీవశాస్త్రం, ఫిజిక్స్ రెండు శాఖల్లోనూ ప్రొఫెసరుగా ఉన్నాడు. 2021 చివర్లో కన్నుమూశాడు.

1977లో బెర్గ్‌తో కలిసి ప్రసిద్ధమైన వ్యాసం రాసిన ఎడ్వర్డ్ పర్సెల్ కూడా ఫిజిక్స్ ప్రొఫెసరే. న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్‌కు 1952లో నోబెల్ అందుకున్నవాడు. బాక్టీరియా రెనాల్డ్స్ సంఖ్య ఒకటిలో పదివేలో వంతు కంటే తక్కువ అని, అందువల్ల దాని లోకంలో జడత్వం లెక్కలోకే రాదని ఆయన వివరించాడు. ఈత ఆపిన బాక్టీరియా ఆ ఊపు మీద ఒక పరమాణువు వెడల్పంత దూరం కూడా ముందుకు జారదు. ఫిస్టులాలో హోరు పుట్టించేదీ, బాక్టీరియాను ఆపిన చోటే నిలబెట్టేదీ ఆ ఒక్క సంఖ్యే. ఇంత విస్తారమైన పాఠాన్ని మనం రెండు మార్కులకు కుదించాం.

పర్సెల్ పేరు చెప్పినప్పుడల్లా నాకు మన కొచ్చెర్లకోట రంగధామరావు గారు గుర్తొస్తారు. బోర్డు మీద సోంపేట అని రాసి ఉండే మా కంచిలి స్టేషన్లో రైలెక్కి ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురంలో ఆయన 1898లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ శాఖను వాల్తేరులో నిలబెట్టినవాళ్లలో ముఖ్యులు. వర్ణపటాల మీద పేరు తెచ్చుకుని, న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్ పరిశోధనకు మన దేశంలో బాట వేశారు. పర్సెల్‌కు నోబెల్ తెచ్చిన రంగానికి అది చాలా దగ్గరిది. అదే వాల్తేరులో అంతకు ముందు సూరి భగవంతం గారు రామన్ ఫలితం మీద పనిచేశారు. రామన్ చిన్నతనం గడిచింది విశాఖలోనే. అంటే సాధనాలు సమకూర్చుకుని కొలిచే సంప్రదాయం మన గుమ్మంలోనే ఉంది. హార్వర్డ్‌లో ఆ సంప్రదాయం కణం వైపు అడుగేసింది. మన దగ్గర ఆ అడుగు పడలేదు.

మన దేశంలో అది సాధ్యం కాదనడానికి వీల్లేదు. రామన్ శిష్యుడు జి.ఎన్. రామచంద్రన్ 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసరుగా చేరి, మన చర్మంలో ఎముకలో ఉండే కొల్లాజెన్ నిర్మాణాన్ని విప్పారు. 1963లో ఆయన బృందం ప్రకటించిన పటాన్ని ప్రపంచమంతటా ప్రొటీన్ల మీద పనిచేసేవాళ్లు నేటికీ వాడుతున్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1970ల మొదట్లో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగాన్ని స్థాపించింది ఆయనే. హైదరాబాదులో 1977 నుంచి కణాల మీద, అణు జీవశాస్త్రం మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది. బెంగళూరుకూ హైదరాబాదుకూ వచ్చిన ఈ శాస్త్రం శ్రీకాకుళం దాకా రావడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

ఆలస్యానికి మొదటి కారణం పదో తరగతి అవగానే మనం కట్టే గోడ. లెక్కలొచ్చిన పిల్లాడు ఎంపీసీ, డాక్టరు కావాలనుకున్న పిల్ల బైపీసీ. ఆ రోజుతో ఒకరికి మైక్రోస్కోపు, ఇంకొకరికి కలనగణితం దూరమవుతాయి. మా దగ్గర ఎంపీసీ చదివి, ఫిజిక్స్‌లో డిగ్రీ చేసిన ఒకమ్మాయి తండ్రి జబ్బు చూసి కణాల మీద పరిశోధన చెయ్యాలనుకుంది. జీవశాస్త్రం చదవలేదన్న ఒక్క కారణంతో ఒక విశ్వవిద్యాలయం ఆమె దరఖాస్తును పక్కన పెట్టింది. వైద్యవిద్యను వదిలేసిన బెర్గ్‌ను ఫిజిక్స్ చేర్చుకుంది. ఆ ఫిజిక్స్ మనిషినే తర్వాత జీవశాస్త్రం తన ప్రొఫెసరుగా కూర్చోబెట్టింది. మన నిబంధనలు అలాంటి మనిషిని గుమ్మంలోనే ఆపేస్తాయి.

గోడ అవతల ఏముందో పిల్లలకు చూపించడం కష్టమేమీ కాదు. నేను ఎంపీసీ పిల్లల్ని అప్పుడప్పుడు పక్కనున్న బోటనీ ల్యాబుకు తీసుకెళతాను. రియో ఆకు అడుగుపొరను బ్లేడుతో ఒలిచి, గాజుపలక మీద నీటిచుక్కలో పెట్టి మైక్రోస్కోపులో చూస్తే ఊదారంగు నిండిన గదులు వరసగా కనిపిస్తాయి. అంచు నుంచి ఉప్పునీళ్లు ఒక చుక్క వదిలితే ఆ ఊదారంగు మెల్లగా గోడలను విడిచి మధ్యకు ముడుచుకుంటుంది. బైపీసీ పిల్లలు దానికి ప్లాస్మాలిసిస్ అని పేరు రాసి బొమ్మ గీసుకుంటారు. ఒక ఎంపీసీ కుర్రాడు మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే "ఎంత ఉప్పు దగ్గర ముడుచుకోడం మొదలవుతుంది సార్? కొలుద్దామా?" అనడిగాడు. సెల్యులార్ బయోఫిజిక్స్ అక్కడే మొదలవుతుంది. ఆ ప్రశ్న అడిగినవాడు తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి మాత్రం మన జిల్లాలో ఒక దారి లేదు.

అందుకే మూడు పనులు అడుగుతున్నాను. మొదటిది, ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితాన్ని, జీవశాస్త్రాన్ని కలిపి చదువుకునే వీలు కల్పించింది. మంచి నిర్ణయం. అది పట్టణాల్లో నీట్, ఈఏపీసెట్ రెండూ రాసే పిల్లలకే పరిమితం కాకూడదు. కంచిలి, సోంపేట, కవిటి, మందస పిల్లలకు ప్రభుత్వ కళాశాలల్లోనే అందాలి. అందుకు అధ్యాపకులనూ, పనిచేసే మైక్రోస్కోపులనూ ఇవ్వాలి.

రెండోది, ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి కణాల ఫిజిక్స్ కోసం ఒక ప్రయోగశాల పెట్టాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. రోగులున్నచోట, డాక్టర్లున్నచోట ఫిజిక్స్ పరిశోధకులూ ఉండాలి. కిడ్నీ నాళిక కణాలను పెంచి, వాటి మీద ఉప్పు, వేడి, ప్రవాహం, సిలికా ఏం చేస్తాయో ఏళ్ల తరబడి కొలిచే బృందం అక్కడ కూర్చోవాలి.

మూడోది నియామకాల సంగతి. జీవశాస్త్ర శాఖలో ఫిజిక్స్ పీహెచ్‌డీ ఉన్నవాళ్లు, ఫిజిక్స్ శాఖలో కణాల మీద పనిచేసినవాళ్లు దరఖాస్తు చేసుకునే వీలుండాలి. సబ్జెక్టు పేరు సరిపోలేదని మనిషిని వెనక్కి పంపకూడదు. రెండు శాఖల్లోనూ ఒకే మనిషి ప్రొఫెసరుగా ఉండగలగాలి.

ముందు మంచినీళ్లు ఇవ్వండి, మందులివ్వండి, పరిశోధన తర్వాత అని కొందరంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే నీరు ప్రతి ఇంటికీ చేరాలి. డయాలసిస్ కోసం ఏ రోగీ గంటల తరబడి బస్సులో కూర్చునే పరిస్థితి ఉండకూడదు. ఇవి ఇవాళే జరగాలి. వీటికీ పరిశోధనకూ పోటీ పెట్టనవసరం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసినప్పుడు మేం ఆ వారం తిండిగింజలూ అడిగాం, ఏళ్ల తర్వాత కాపుకొచ్చే మొక్కలూ అడిగాం. కారణం తెలియని జబ్బుకు చేసే ఖర్చుకు అంతుండదు. కారణం తెలిసిన రోజున ఇరవై ఏళ్ల కుర్రాడి కిడ్నీని ముందే కాపాడుకోవచ్చు.

ఉద్దానం ఇన్నేళ్లుగా శాస్త్రానికి తన రక్తం ఇచ్చింది, మూత్రం ఇచ్చింది, బావుల్లో నీళ్లు ఇచ్చింది. నమూనాలు మావి, ప్రశ్నలు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్లవి. ఇకమీదట ప్రశ్న అడిగేవాళ్లూ, సాధనం తయారుచేసేవాళ్లూ, జవాబు రాసేవాళ్లూ కూడా ఈ ఊళ్ల నుంచే రావాలి. వాళ్లు ఇప్పటికే మా తరగతి గదుల్లో ఉన్నారు. వాళ్లకు దారి వెయ్యడం ప్రభుత్వం చేతిలో, విశ్వవిద్యాలయాల చేతిలో, అధ్యాపకులుగా మా చేతిలో ఉంది.